నారికురుపు వ్యాసానికి తగిన పత్రిక

రెండో ప్రపంచ యుద్ధం మొదలవడానికి ముందు ఏడాది, ఎండాకాలం చివర్లో, నన్ను అసిస్టెంటు సర్జనుగా నారాయణఖేడ్ దవాఖానకు బదిలీ చేశారు. సర్కారు వైద్యుల్లో ఆ ఊరి పేరు శిక్షగా చెలామణి అయ్యేది. ఉత్తర్వులో మాత్రం "ప్రజా ప్రయోజనం దృష్ట్యా" అని రాశారు. దవాఖాన అంటే రెండు గదులు, ఒక వరండా, ఒక కాంపౌండరు. డాక్టరు రాసిన చీటీ చూసి మందు కలిపి ఇవ్వడం కాంపౌండరు పని. మా కరీం చీటీ అందకముందే మందు కలిపి ఉంచేవాడు, చాలాసార్లు నేను రాయబోయే మందు కూడా అదే అయ్యేది.

తొలకరి పడగానే వరండా నిండిపోయింది. ఊళ్ళోవాళ్ళే కాక కల్హేర్, మనూర్ వైపు నుంచి కూడా రైతులు బండ్ల మీద వచ్చేవారు. అందరిదీ ఒకటే జబ్బు, నారికురుపు. మెట్లు దిగి నీళ్ళు ముంచుకునే బావుల్లో కంటికి ఆనీ ఆనని నీటిపురుగులుంటాయి. వాటి కడుపులో నారు అనే పురుగు పిల్ల ఉంటుంది. ఆ నీళ్ళు తాగిన ఏడాదికి అది మూరకు మించిన దారంలాగా పెరిగి, కాలి చర్మం చీల్చుకుని తల బయటపెడుతుంది. దానికి వైద్యం ఏమిటంటే, బయటికొచ్చిన కొసను సన్నని పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా తిప్పుతూ లాగడం. తొందరపడితే పురుగు తెగి కాలు చీము పడుతుంది. ఏళ్ళ తరబడి వైద్యం చదివి పట్టా పుచ్చుకున్న నేను ఆ వానాకాలమంతా పుల్లలు తిప్పాను.

ఆ వచ్చినవాళ్ళలో మొగులయ్య ఒకడు. దవాఖాన వెనక వాడలోనే ఇల్లు. కొద్దిపాటి చెలక, ఒక జత ఎడ్లు, నలుగురు పిల్లలు. సరిగ్గా విత్తే రోజుల్లో మడమ దగ్గర నారు లేచింది. పొరుగువాళ్ళు దయతలచి విత్తేసరికి అదను దాటిపోయింది, ఆ ఏడు అతని చేనులో గడ్డే ఎక్కువ.

ఒక సంగతి నాకు వింతగా తోచింది. మొగులయ్య వాడకూ, పక్కనే ఉన్న కన్నడం మాట్లాడే వ్యాపారుల ఇళ్ళకూ ఒకటే దిగుడుబావి. కానీ ఆ వ్యాపారుల ఇళ్ళ నుంచి ఒక్కరు కూడా నారికురుపుతో రాలేదు. కిరాణా కొట్టు నడిపే బసమ్మ అనే పెద్దావిడను అడిగాను.

"మేం సోసి తాగుతం గద డాక్టరప్పా! సోసకుంట నీళ్ళు ఎవలన్న తాగుతరా?" అంది.

సోసడమంటే వడకట్టడం. వాళ్ళ ఇళ్ళలో కుండ మూతికి రెండు మడతల నూలుబట్ట కట్టి, అందులోంచే నీళ్ళు పోస్తారు. తాతల నాటి ఆచారం. ఎందుకని ఎవరూ అడగరు, మానరు. ఒక వాడ కుండ సంగతి ఇంకో వాడకు చెప్పే అలవాటు కూడా ఊళ్ళో లేదు. ఒకే బావి, ఒకే నీళ్ళు, మధ్యలో ఒక గుడ్డ. ఇంతకంటే స్పష్టమైన రుజువు ఏ ప్రయోగశాలలో దొరుకుతుంది? ఇంటింటికీ తిరిగి పట్టిక తయారుచేసి, దీపావళికల్లా వ్యాసం పూర్తిచేశాను. చాలా బాగా రాశానని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక ఏ పత్రికకు పంపాలన్న ప్రశ్న. కరీం తన సలహా అడగకుండానే ఇచ్చాడు. మా శాఖ వాళ్ళు ఉర్దూలో ఒక మాసపత్రిక, వాళ్ళ మాటలో రిసాలా, వేసేవారు. "సాబ్, మన రిసాలాకు పంపుండ్రి. వచ్చే నెలకు జల్దీ అచ్చయితది. తహసీల్దారు సాబ్ చదువుతడు, బడి పంతుళ్ళు చదువుతరు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ రిసాలాలో ఒక పేజీలో సెలవు నిబంధనలుంటే ఎదుటి పేజీలో దగ్గుకు కషాయం ఉండేది. నా వ్యాసం వెళ్ళి కషాయం పక్కన కూర్చోవాలా?

పైగా సర్కారు ఉద్యోగి ఏది అచ్చు వేయించాలన్నా పై అధికారి ద్వారానే వెళ్ళాలి. మా పై అధికారి జిల్లా సివిల్ సర్జను. పత్రికల మంచిచెడ్డల్లో ఆయన మాటకు తిరుగులేదు. ఆయన గది బీరువా నిండా లండను వైద్య పత్రికలుండేవి, ఒక్కదానికీ పోస్టులో వచ్చిన చుట్టుకాగితం చింపలేదు. లండను పత్రికలో పడితే వార్షిక రహస్య నివేదికలో రాయడానికి బాగుంటుందని సెలవిచ్చారు. వ్యాసం మీద నా పేరు పైన తన పేరు కూడా రాసుకున్నారు, అందం కోసం.

ఓడ మీద వెళ్ళిన వ్యాసం ఓడ మీదే తిరిగి వచ్చింది. విషయం కేవలం స్థానికమైనదని సంపాదకుడు ఎంతో మర్యాదగా రాశాడు. అదే పుండు లండను కాలికి లేచి ఉంటే విశ్వానికంతటికీ సంబంధించినదయ్యేది కాబోలు. వెంటనే కలకత్తా పత్రికకు పంపాం. వాళ్ళకు నచ్చింది. అయితే, పరిస్థితులేవీ మారకుండా ఇంకో వానాకాలం కూడా గమనించి, ఆ లెక్క కలిపి పంపమన్నారు. ఇంతకుముందు ఎక్కడా ప్రకటించని విషయమై ఉండాలని నియమం కూడా గుర్తుచేశారు. మా సివిల్ సర్జను దాని కింద ఎర్రసిరాతో, అచ్చయ్యేదాకా ఈ సంగతి బయటికి పొక్కరాదని రాసి పంపారు.

అచ్చు వేయవద్దని వాళ్ళంటే నేను నోరు కూడా కుట్టేసుకున్నాను. అంతటి విధేయుణ్ణి.

ఆ ఎండాకాలం మొగులయ్య దవాఖానకు వచ్చాడు. మడమ మానింది. బావిలో నీళ్ళు అడుగంటాయి, పురుగులు చిక్కగా ఉండే కాలమది. "సారూ, గీ నారు మళ్ల రాకుంట ఏం జెయ్యాలె? ఇంకో ఏడు చేను పోతే పిల్లల్ని తీసుకొని దేశం పోవుడే ఇగ" అన్నాడు. సమాధానం నా బల్ల సొరుగులో, ఇంగ్లీషులో, పట్టికతో సహా ఉంది. "మంచినీళ్ళు తాగు" అన్నాను. "గా బాయి నీళ్ళు మంచిగనే ఉంటయి సారూ, తియ్యగుంటయి" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

వానాకాలం లెక్కలు కలిపి పంపాం. యుద్ధం వచ్చింది, కాగితం కొరత వచ్చింది, అచ్చు ఆలస్యమైంది. మరుసటి ఏడు తొలకరికి మొగులయ్యను మంచం మీద మోసుకొచ్చారు. ఈసారి నారు మోకాలి కీలులో లేచింది. కీలంతా చీము. నాకు తెలిసిందంతా చేశాను. ప్రాణం దక్కింది కానీ మోకాలు కర్రలా బిగుసుకుపోయింది. నాగలి పట్టి సాలులో నడిచే కాలు కాదది ఇక.

అతను ఇంకా వరండాలో ఉండగానే టపాలో కలకత్తా పత్రిక వచ్చింది. పైన సివిల్ సర్జను పేరొక్కటే ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో "స్థానిక సహకారానికి" నాకు కృతజ్ఞతలు చెప్పారు. కళ్ళకు మందు కోసం వచ్చిన బసమ్మ అదేం పుస్తకమని అడిగింది. మనసులో మంటగా ఉండి ఉన్నదంతా చెప్పేశాను.

"రెండేండ్ల కింద నేను చెప్పిన ముచ్చటనే గదప్పా! గా ముచ్చట కలకత్త దాంక పోయి రావాల్నా?" అంది.

మంచం మీది నుంచి మొగులయ్య విన్నాడు. తల ఎత్తి అడిగాడు. "బట్ట కడితే రాదా సారూ? నీకెప్పుడు ఎరుకైంది?"

"రెండేళ్ళయింది" అన్నాను.

"మరి నేనడిగిననాడు చెప్పకపోతివి?"

సంపాదకుల నియమం అతనికి ఏ భాషలో చెప్పినా నియమంలా వినిపించదు.

ఆ సాయంత్రమే అర పేజీ తెలుగులో రాసి కరీం చేతికిచ్చాను. అతను ఉర్దూ చేసి రిసాలాకు పంపాడు. అన్నట్టుగానే మరుసటి నెలలో అచ్చయింది, నిజంగానే దగ్గు కషాయం పక్కన. తహసీల్దారు చదివి సంతలో డప్పు వేయించాడు. పంతుళ్ళు బడిలో పిల్లలకు చెప్పారు. బసమ్మ పాత ధోవతులు చింపి కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకీ ఒక ముక్క ఇచ్చి, ఎట్లా కట్టాలో తిట్టి మరీ నేర్పింది. ఏడాది తిరిగేసరికి మా వరండాలో పుల్లల పని బాగా తగ్గింది. అప్పటికే అచ్చయిన విషయాన్ని అనుమతి లేకుండా మళ్ళీ ప్రకటించినందుకు నన్ను సంజాయిషీ అడిగారు. ఇచ్చాను. ఒక ఏడాది ఇంక్రిమెంటు ఆపారు.

ఏ పత్రికకు పంపితే మంచిదని ఇప్పటికీ కుర్ర డాక్టర్లు నన్ను అడుగుతుంటారు. పేరున్న పత్రికకే పంపమంటాను, అందులో తప్పేమీ లేదు. అయితే ఎవరి ఒంటి మీది జబ్బును రాశారో, వాళ్ళకు ముందుగా చెప్పి తర్వాత పంపమంటాను. దాని వల్ల పత్రిక వ్యాసాన్ని తిప్పి పంపితే పంపనివ్వాలి. కలకత్తా పత్రికలోని పట్టికలో మొగులయ్య "వడకట్టనివారు" అన్న వరుసలో ఉన్నాడు. అది తప్పు లెక్క. అతను ఉండవలసింది "ఎవరూ చెప్పనివారు" అన్న వరుసలో, ఆ వరుస గీయవలసినవాణ్ణి నేనే.