బజారు వినని క్యాసెట్

క్యాసెట్ ఒక వైపు అయిపోయి లోపల టక్కుమని చప్పుడైంది. ఎవరూ చేయి పెట్టలేదు. చక్రాలు వాటంతట అవే ఇంకో దిక్కుకు తిరగడం మొదలుపెట్టాయి.

"ఇగ ఇంటి ముచ్చట. ఎవ్వరికి చెప్పకు," అంది క్యాసెట్లోంచి, దుబాయి పోయిన ఒక మేస్త్రి గొంతు. ఎల్లారెడ్డి బజారులో బట్టల దుకాణం గద్దె మీద, మెట్ల మీద కూర్చున్న ఏడెనిమిది మందిమి విన్నాం. "ఈ అరబ్బు మూడు నెలల సంది జీతమిస్తలేడు. రంజాన్ అయినంక క్యాంపు ఇడిశిపెట్టి పోత."

అప్పటికి గానీ ఆయన భార్య టేప్‌రికార్డరు మిషన్ దాకా చేరలేకపోయింది. ఏది నొక్కితే ఆగుతుందో తెలియక ఒక బటన్ నొక్కింది, ఇంకొకటి నొక్కింది. మూడోదానికి మాట ఆగింది. క్యాసెట్ తీసి కొంగులో చుట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి వెళ్లిపోయింది.

"నేనేం జెయ్యలె. మిషనే మళ్లింది," అన్నాడు దుకాణం సావుకారి.

అది నిజమే. అంతకు ముందు వారమే కామారెడ్డి స్టేషన్ రోడ్డులో కొని తెచ్చిన పెద్ద మిషన్ అది. రెండు స్పీకర్లు, రేడియో, పైన లైట్లు. మనిషి తిప్పి పెట్టే పని లేకుండా క్యాసెట్ రెండో వైపు దానంతట అదే పాడుతుంది. ఆ సుఖం గురించి సావుకారి అందరికీ చెప్పాడు. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎనభైల చివరి రోజులవి. నేను కామారెడ్డిలో ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ని, వారానికి రెండు సార్లు ఎల్లారెడ్డి బస్సెక్కేవాణ్ని. మస్కట్ పోయినా, కువైట్ పోయినా మా దగ్గర దుబాయి పోయినట్టే. పోయినవాళ్లలో చాలామందికి రాయడం రాదు, ఇంట్లో వాళ్లకు చదవడం రాదు. అందుకని మాటలు క్యాసెట్లో నింపి, సెలవు మీద వచ్చే మనిషి చేతికిచ్చి పంపేవాళ్లు. మిషన్ లేనివాళ్లు బట్టల దుకాణానికి వచ్చేవాళ్లు. సావుకారి పైసా తీసుకోడు, పైగా చాయ్ తాగిస్తాడు.

బజారు వింటుందని పంపేవాళ్లకూ తెలుసు. కాబట్టి మొదటి వైపంతా సలాములూ దండాలే. సావుకారికి, పెద్దమనుషులకు, పక్కింటి అవ్వకు, ఈనిన బర్రెకు కూడా. ఇంటి మాటలు రెండో వైపు. పాత మిషన్ మొదటి వైపు కాగానే ఆగిపోయేది, ఆడమనిషి క్యాసెట్ తీసుకుని వెళ్లిపోయేది. అసలు దుకాణానికి రాకుండా ఉంటే, దాచుకునే ముచ్చట ఏముందోనని జనం ఆరా తీసేవాళ్లు.

సలాముల్లోనే సావుకారికి కావలసినవి దొరికేవి. పండక్కి పైసలు పంపుతున్నానని ఎవరైనా అంటే, మర్నాడు పొద్దున్నే ఆ ఇంటికి చీరల మూట అమ్మకానికి పోయేది. నాకూ అక్కడే వార్తలు దొరికేవి. అది ఒప్పుకోవాలి.

రెండో వైపు వినడానికి కొందరు చుట్టాల ఇంట్లో మిషన్ బతిమాలుకునేవాళ్లు. ఇంకొందరు దుకాణానికి ఎదురుగా గడియారాలు బాగుచేసే చాచా దగ్గర అద్దెకు తీసుకునేవాళ్లు. అది అరచేతిలో పట్టే చిన్న టేపు డబ్బా, రేడియో లేదు. స్పీకరు తీగలు చాచా స్వయంగా తెంపేశాడు. రెండు బటన్లు, చెవిలో పెట్టుకునే ఒక తీగ. అంతే. గంటకు రెండు రూపాయలు.

"పాట గట్టిగ రాదు, రేడియో రాదు. టైమన్న చెప్తదా చాచా?" అని ఏడిపించేవాళ్లు.

"టైం కావాల్నంటే గడియారమున్నది. తీస్కో, పైసలు తియ్."

ఎవరు తీసుకుపోయారో పేరు రాసుకునేవాడు కాదు. పోతే ఎట్లా అని ఒకసారి అడిగాను.

"తెచ్చిచ్చినోళ్లే తీస్కపోయినోళ్లు సాబ్. పేరెందుకు?"

రెండు రూపాయలు దండగని అప్పట్లో నేనూ అనుకున్నాను. బీడీలు చుట్టుకుని బతికే ఆడవాళ్లకు అది చిన్న మొత్తం కాదు. ఎదురుగా ఉత్తగా దొరుకుతుంటే ఈ మూగ డబ్బాకు ఎవరిస్తారు?

మేస్త్రి ఇంటి మాటలు బయటపడిన రోజు నేను వార్త రాశాను. మూడు నెలలుగా జీతాల్లేవు, మనవాళ్ల పాట్లు అని. పత్రికాఫీసుకు చేరడానికి కామారెడ్డి స్టేషన్‌లో రైలుకు ఇవ్వాల్సిన ఆ వార్త కవరు ఇవ్వకుండా ఇంటికి తెచ్చుకున్నాను. మంచితనం అని కాదు. మనిషిదీ ఊరిదీ ఆనవాలు లేకుండా ఆ వార్తకు తలా తోకా లేదు. ఆనవాలు రాస్తే, వీసా ఇచ్చి పంపిన ఏజెంటు చదివి అక్కడి యజమానికి చేరవేస్తాడు. యజమానిని విడిచి పారిపోయినవాణ్ని అక్కడ పోలీసులు పట్టుకుని జైల్లో వేస్తారు.

ఏజెంటుకు నా వార్త అవసరమే లేకపోయింది. నాలుగో రోజు స్కూటర్ మీద ఆమె గడప ముందు దిగాడు. వాడకట్టంతా విన్నది.

"ఏం చెల్లె, బావ క్యాంపు మారుస్తడట?"

"నాకేమెర్క? పంపినోడివి నువ్వు. నీకెర్క గావాలె."

ఆమె బీడీల చేట మీద నుంచి తల ఎత్తలేదట. అతను వెళ్లాక చుట్టిన బీడీలు చాలా మటుకు విప్పి మళ్లీ చుట్టుకుందని పక్కింటామె చెప్పింది.

రంజాన్ వెళ్లిన కొన్నాళ్లకు ఇంకో క్యాసెట్ వచ్చింది. నేను చాచా దగ్గర గడియారానికి బెల్టు వేయించుకుంటున్నాను. ఆమె వచ్చి, అడగకముందే రెండు రూపాయలు బల్ల మీద పెట్టింది. ఎదురు దుకాణంలోంచి సావుకారి కేకేశాడు.

"చెల్లె, ఈడ ఉత్తగనే ఉన్నది గదా! ఆ డబ్బకు రెండు రూపాయలు దండుగ!"

"ముందటిసారి ఉత్తగనే విన్న గదన్నా. ఇంక కడుతనే ఉన్న."

మెట్ల మీదున్నవాళ్లు నవ్వారు. సావుకారి కూడా నవ్వాడు గాని, ఆ తర్వాత బట్ట కొలుస్తూ తల దించుకున్నాడు. "మిషన్ నాది, కరెంట్ నాది, చాయ్ నాది. పైసలడిగిన్నా ఎవ్వర్నన్న?" అని నాతో చాలాసార్లు అన్నాడు తర్వాత.

"పైసలడగనోడు చెవులడుగుతడు," అనేవాడు చాచా, కంటి అద్దం తీయకుండానే.

పొద్దు వాలకముందే ఆమె డబ్బా తిరిగి తెచ్చింది. చాచా ఏమీ అడగలేదు. అడిగింది సావుకారే. "ఎట్లున్నడు బావ?"

"మంచిగున్నడు."

మొహాలు చూసి సంగతి పట్టడం నా పని. ఆ మొహంలో నాకేమీ దొరకలేదు. ఆ తర్వాత వచ్చిన క్యాసెట్లన్నీ, సలాములతో సహా, ఆమె ఇంటికే తీసుకుపోయింది. గర్వం పెరిగిందని బజారు కొన్నాళ్లు అనుకుంది.

రెండు మూడేళ్లకు మేస్త్రి ఊరికి వచ్చి వెళ్లాడని విన్నాను. ఆయన ముందు క్యాంపు విడిచాడా, ఏజెంటు మాట ముందు అక్కడికి చేరిందా అన్నది ఎల్లారెడ్డిలో చెప్పగలిగినవాళ్లు నాకు కనపడలేదు. తిరిగి ఏ దేశం పోయాడో, ఎవరి దగ్గర పనికో, అది కూడా ఎవరికీ తెలియదు.