గొంతు పోయాక దొరికిన రికార్డు

ఆ వీధిలో ఆమెని అందరూ సైరన్ అనేవాళ్ళు. ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఒక్క కేక వేసిందంటే, వీధి చివర బొత్తాలమ్మేవాడు సరుకుతో సహా వచ్చి వాలాల్సిందే. పెళ్ళైన కొత్తలో అత్తగారు "ఆడదాని మాట గడప దాటకూడదమ్మా" అంటే, "గడపే కాస్త అవతలికి జరిపించండి అత్తయ్యా" అందట.

అలాంటి మనిషికి మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్‌లో గడ్డతో పాటు గొంతూ పోయి, గుసగుస మిగిలింది. అందరూ అయ్యో పాపం అన్నారు గానీ, ఎవరి సుఖం వాళ్ళకి దక్కింది. అత్తగారికి మధ్యాహ్నం నిద్ర పట్టింది. జన్మలో ఒక్క వాదన నెగ్గని మొగుడు రోజుకి రెండు చొప్పున నెగ్గడం మొదలుపెట్టాడు. నోరున్నవాడిదే రాజ్యమని ఊరికే అన్నారా!

పాత సామాన్ల కొట్టు నడిపే తమ్ముడు ఒకరోజు రికార్డు ప్లేయరూ, ఎవరూ ఉంచుకోని ఒక రికార్డూ తెచ్చి పడేశాడు.

"ఫ్రీ జాజ్ అంటక్కా. వావీ వరసా లేని సంగీతం. కొన్నవాడు మర్నాడే తిరిగిచ్చేశాడు."

అట్ట మీద కళ్ళు మూసుకుని సాక్సోఫోన్ ఊదుతున్న మనిషి. కింద, ఈ సంగీతమంతా దేవుడికే అని రాసుంది.

ముల్లు పెట్టగానే ఆమె నిటారుగా కూర్చుంది. సాక్సోఫోన్ మొదట మామూలుగా మాట్లాడింది, తర్వాత బతిమాలింది, ఆపైన గొంతు చించుకుని అరిచింది. వెనకాల డ్రమ్ములు తాళం సంగతి మర్చిపోయి పోట్లాటకి దిగాయి. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. అది అచ్చంగా తన గొంతే.

"దేవుడి పాటంటే ఇలాగా ఉండేది? దేవుడికేమైనా చెవుడా?" అన్నాడు మొగుడు.

"ఇన్నాళ్ళూ మెల్లగా అడిగితే ఏం విన్నాడు?" అంది గుసగుసగా.

మొగుడికి వినపడలేదు, లేదా వినపడనట్టు నటించాడు. ఆ విద్య ఈమధ్య బాగా వంటబట్టింది.

ఒక ఆదివారం బావగారు భోజనానికి వచ్చారు. చేతులు కడుక్కుంటూనే మొగుడు తేల్చేశాడు.

"ముందు గది అన్నయ్య మందుల షాపుకి ఇచ్చేద్దాం. మిషన్ అమ్మేద్దాం. నీకూ ఒంట్లో బాగుండట్లేదు కదా, రెస్ట్ తీసుకో. ఏమంటావ్?"

ఆమె ఏదో అంది.

"మౌనం అర్ధాంగీకారం!" అని బావగారు నవ్వేశారు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చెమటోడ్చి నిలబెట్టుకున్న గది అది. గబగబా వెళ్ళి రికార్డు పెట్టి, వాల్యూమ్ ఆఖరిదాకా తిప్పేసింది. మేకుకి వేలాడే కత్తెరలు కదిలాయి. బావగారు చెవులు మూసుకున్నారు. మొగుడు ఆపబోతే చెయ్యి పట్టుకుంది. రోజంతా బట్ట కత్తిరించే చెయ్యి కదా, విడిపించుకోవడం అతని వల్ల కాలేదు. ఏవేవో తిడుతున్నాడు, పెదాలు కదలడమే తెలుస్తోంది. రికార్డు ఒకవైపు పూర్తయ్యేదాకా ఆమె వదల్లేదు.

పాట ఆగింది. దారిన పోయేవాళ్ళు కూడా గుమ్మం ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. మనిషి ఊపిరి పీలిస్తే వినపడేంత నిశ్శబ్దం. అప్పుడు ఆమె తొందర లేకుండా, ఉన్న గొంతుతోనే చెప్పింది.

"గది ఇవ్వను. మిషన్ అమ్మను."

బావగారు ఆమె మొగుడి వైపు చూశారు.

"ఏమంది? నాకు సరిగా వినపడ..." అనబోయాడు మొగుడు.

"సగం చెవిటిదాన్ని, నాకే వినపడింది. నీకేం రోగంరా?" అంది అత్తగారు.