ఒక్క మెడికల్‌తో తేలేది కాదు

మా తోటికోడలికి పెళ్లైన మూడో నెలకే వాంతులు మొదలయ్యాయి. నాకు ఐదేళ్లలో రెండుసార్లు కడుపు వచ్చి, రెండుసార్లూ మూడో నెల దాటలేదు. ఆమె పెరట్లో వాంతి చేసుకుంటే ఇంటిల్లిపాదీ నీళ్లచెంబుతో పరుగెత్తేవాళ్లు. ఆ వాంతి మీద కూడా కళ్లల్లో నిప్పులు పోసుకున్నదాన్ని నేను. మా గోదావరిఖని క్వార్టర్‌లో ఉన్నవి రెండే గదులు, చూడకుండా ఉందామన్నా కుదరదు.

కరీంనగర్ డాక్టరమ్మ ఈసారి నాకు యాంటీబాడీ పరీక్ష రాసింది. ఆమె ఫోన్ సరిగ్గా తోటికోడలి శ్రీమంతం రోజు పొద్దున వచ్చింది. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలు నా ఒంటి మీదికే తిరగబడుతున్నాయట. కడుపు నిలవకపోవడానికి అదే కారణం కావచ్చట. పన్నెండు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేనని, అదే అయినా మందులున్నాయని చెప్పింది.

గాజుల పళ్లెం సర్దుతున్న అత్తమ్మకు ఇదంతా విడమరిచి చెప్పాను.

"గంత పొడుగు నాకెందుకే? ఫిట్టా, అన్‌ఫిట్టా?" అంది.

బొగ్గుబాయి ఇళ్లల్లో ఏ పరీక్షకైనా ఆ రెండే ఫలితాలు. కంపెనీ మెడికల్‌ పరీక్షలో మామ అన్‌ఫిట్ అయితేనే ఆయన జాగాలో మా ఆయనకు నౌకరీ వచ్చింది. అన్‌ఫిట్ అంటే ఒకరు పక్కకు జరగాలి, ఇంకొకరు వచ్చి చేరాలి. అత్తమ్మ అంత దూరం ఆలోచించి ఉండదు. నేను ఆలోచించాను. పట్టుచీరలో పీట మీద కూర్చున్న తోటికోడలు నా కంటికి నా జాగాలోనే కూర్చున్నట్టు కనిపించింది. పెద్దకోడల్ని నేనైతే ఇంటికి మొదటి బిడ్డ ఆమెదా?

కోడళ్లతో పెద్దగా మాట్లాడని మామ మంచం మీంచి గొంతు సవరించుకున్నాడు.

"ఏ, ఊకోయే. ఒక్క మెడికల్‌కే ఎవలన్న అన్‌ఫిట్ చేస్తరా? నన్ను రెండుసార్లు మెడికల్ బోర్డుకు పిలిచిన్రు. నిన్నుగూడ మళ్ల పిలుస్తరు బిడ్డా, ఫికర్ చెయ్యకు."

నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి నాకు.

"అక్కా, ముందుగాల నువ్వే తొడుగు," అని తోటికోడలు చెయ్యి చాచింది. ఆ చెయ్యి కాస్త వాచి ఉంది. గాజు కొంచెం గట్టిగానే నొక్కాను.

"నొస్తున్నదక్కా."

"ఓర్సుకో," అన్నాను. నేను ఓర్చుకోవట్లేదా?

ఆమెకప్పుడు ఏడో నెల. లెక్కేసి చూస్తే నా రెండో పరీక్ష, ఆమె కాన్పు ఒకే వారంలో పడ్డాయి. సాయంత్రం దీపం పెట్టి, ఆమెకు సుఖంగా కాన్పు కావాలనే మొక్కాను. అబద్ధం ఎందుకు చెప్తాను? కాకపోతే ఆ బిడ్డ రెండు రోజులు ఆగి రావాలని కూడా మొక్కాను. ఈ ఇంట్లో ఒక్క మంచి కబురైనా నాది ముందు రావాలి.