కరియ తిన్న దండు చీజు

మా చిన్నప్పుడు... మా ఇంట్లోకి బయటి తిండి ఏదొచ్చినా ముందు కుక్క తినాలి. ఆ తర్వాతే మనుషులు. హోటలు మైసూరుపాకైనా సరే, చుట్టాలు తెచ్చిన చక్కిలాలైనా సరే... మా అవ్వ అందులోంచి చిన్న ముక్క తుంచి మా కరియ ముందు పడేసేది. సాయంత్రం దాకా వాడు తోకాడిస్తూ తిరిగితే ఆ తిండి పాసైనట్టు!

పిచ్చి అనుకోకండి. అవి యుద్ధం రోజులు. పిండిలో సుద్ద కలుపుతున్నారని, నూనెలో ఇంకేదో కలుపుతున్నారని మా నగర్తపేట సందుల్లో రోజుకో పుకారు. మా అవ్వకైతే పుకారు కూడా అక్కర్లేదు. పాలవాడిని అనుమానించేది, పాలను అనుమానించేది, ఆ పాలు కాచిన మా అమ్మనూ అనుమానించేది.

ఒకరోజు పొద్దున్నే మా సుబ్బు మామ వచ్చాడు. మా అమ్మ తమ్ముడు. దండులో, అంటే కంటోన్మెంటులో, మిలిటరీ గోదాములో గుమాస్తా. చేతిలో రేకు డబ్బా... మూత తీస్తే పసుప్పచ్చని ముద్ద.

"చీజంటారు. దొరలు రొట్టెలో పెట్టుకుని తింటారు. పాపకు బలమని తెచ్చినా" అన్నాడు.

అవ్వ వాసన చూసి ముక్కు మూసుకుంది.

"ఏమప్పా, బట్టల సబ్బు మాదిరి ఉండాది!"

"పాలతో చేసిందే అత్తా. మన జున్ను మాదిరే."

"జున్ను తెల్లగా ఉంటాది. ఇది ఇంత పచ్చగా ఉండాదంటే ఏం కలిపినారో ఎవురికి తెలుసు? దొరలు తినేది మనకెందుకిస్తారప్పా? ఏమో ఉండాది దీంట్లో!"

పాపం మామ ముఖం చిన్నబోయింది. కోడలి పుట్టింటివాళ్ళు ఏం తెచ్చినా అవ్వకు అనుమానం ఒక పాలు ఎక్కువే... అది ఇంటిల్లిపాదికీ తెలుసు. మామ కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

కరియకు మొదటి ముక్క పడింది. గుటుక్కున మింగి, నేలంతా నాకి, ఇంకా అన్నట్టు చూశాడు. సాయంత్రానికి వాడికేమీ కాలేదు. మామూలుగా అయితే అంతటితో పరీక్ష ముగిసేది. కానీ అవ్వకు నమ్మకం కుదరలేదు. "రవ్వంత ముక్కకు ఏం తెలుస్తాది? మెల్లగా పనిచేసే విషాలు ఉంటాయి" అని ఇంకా పెద్ద ముక్క పెట్టింది. మర్నాడు పొద్దున వాడు ఇంకా హుషారుగా ఉంటే, అది మరీ అనుమానమనిపించి ఇంకో గుప్పెడు... అట్లా సగం డబ్బా ఖాళీ అయింది.

ఇక నా సంగతి. నాకు ఎనిమిదేళ్ళు. అంత ఓపిక నాకెక్కడిది? మొదటి రోజు పొద్దున్నే, అవ్వ అటు తిరగ్గానే, పెరటి గూట్లో పెట్టిన డబ్బాలోంచి బొటనవేలంత ముక్క గిల్లుకుని తినేశాను. ఉప్పగా ఉంది, నాలుక్కి అతుక్కుపోయింది. బాగుందో లేదో తేలక ఇంకొంచెం తిన్నాను.

రెండోరోజు మధ్యాహ్నం కరియ పడిపోయాడు.

కక్కుకున్నాడు... కడుపు బిగుసుకుపోయింది... పేరు పెట్టి పిలిచినా చెవి కూడా కదపలేదు. అవ్వ గుండెలు బాదుకుంది. "చూస్తిరా! నేను చెప్తే ఎవురింటారు? విషం తెచ్చి పెట్టినాడు నా ఇంట్లో! ఇంక ఆ సుబ్బయ్య ఈ గడప తొక్కకూడదు!" వంటింట్లో మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

కరియ చస్తే... తర్వాత నేనే! వాడి పక్కన కూర్చుని నా పొట్ట నేనే నొక్కి చూసుకున్నాను. వాడు ఒకసారి మూలిగితే నేను రెండుసార్లు నొక్కుకునేదాన్ని. చెబితే అవ్వ చంపుతుంది, చెప్పకపోతే చీజు చంపుతుంది... ఏం చెయ్యాలి దేవుడా!

మా నాయన పరుగెత్తి జట్కా మునెన్నను పిలుచుకొచ్చాడు. గుర్రాలకు మందు పెట్టే చెయ్యి ఆయనది. డబ్బా వాసన చూసి, కొంచెం నాలుక మీద వేసుకుని, "ఇంతా దీనికే పెడితిరా?" అని అడిగాడు.

ఇక నావల్ల కాలేదు. "నేనూ తిన్నా! నేనూ సస్తానా మునెన్నా?" అని బావురుమన్నాను.

అవ్వ నా రెక్క పట్టుకుంది. "ఎప్పుడు తింటివే?"

"నిన్న పొద్దున..."

మునెన్న నా వైపు చూసి నవ్వాడు. "నిన్న తినిన పాప ఇట్ల గట్టిగా అరస్తా ఉంటే, ఇది విషమెట్లయితాదమ్మా? సంగటి తినే కుక్క కడుపది. ఇంత ఉప్పు, ఇంత కొవ్వు తోస్తే తట్టుకుంటాదా? ఇంక ఏమీ పెట్టొద్దండి. ఒకపొద్దు ఉంచి, నీళ్ళు రవ్వరవ్వ పట్టండి. బతికితే దాని పుణ్యం."

అవ్వకు అనుమానించడానికి ఎవరూ మిగలనిది ఆ ఒక్కరోజే. కరియ తల ఒళ్ళో పెట్టుకుని, గరిటెతో నీళ్ళు పోస్తూ కూర్చుంది. మూడోనాటికి వాడు లేచాడు. మామకు కబురెళ్ళింది. తప్పయిందని అవ్వ అనలేదు... "కూచోప్పా, అన్నం తిను" అంటూ తనే నెయ్యి వడ్డించింది. మామకు అర్థమైంది, మా అమ్మకూ అర్థమైంది.

కానీ కరియకు అర్థం కాలేదు.

అమ్మ పెడితే తినేవాడు, నేను పెడితే తినేవాడు. అవ్వ ముద్ద తెస్తే మాత్రం రెండడుగులు వెనక్కి వేసి, ఆమె ముఖంలోకి చూసేవాడు. "తినప్పా... నేనే కదప్పా..." అని బతిమాలేది. ఊహూఁ. చివరికి ఆ సంగటిలోంచి కొంచెం తుంచి తన నోట్లో వేసుకుని, మింగి చూపించేది. అప్పుడు తినేవాడు. వాడు బతికున్నన్నాళ్ళూ మా అవ్వ ముందు తినాల్సిందే.

మొన్న మా మునిమనవరాలు వాళ్ళ కుక్కకు పిజ్జా మీది చీజు పెడుతోంది. వద్దే అంటే, "కొంచెమైతే ఏం కాదు జేజీ, ఫోన్లో చూశా" అంది. కొంచెమంటే ఎంతే అని అడిగాను... దానికి తెలీదు. ఆ కుక్కేమో దాని ముఖం వైపైనా చూడకుండా, తోకాడిస్తూ తినేసింది. ఇప్పటి కుక్కలకు మనమంటే ఎంత నమ్మకమో... నాకు భయమేసింది.

మీ ఇంట్లో కూడా మీ చేతి ముద్దను నమ్మని కుక్క ఎప్పుడైనా ఉండేదా? ఎందుకో చెప్పండి... ఈ ముసలిదానికి పొద్దు పోవాలి కదా.