ఒట్టి చేట

రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన తగిలితే చాలు, ఇంట్లో ఏ వస్తువు మాయమైందోనని ఇప్పటికీ నాకు అనుమానం. మొన్న కర్నూలులో చిన్నాయన గీసిన బొమ్మలు పెట్టిన హాల్లో అడుగుపెట్టగానే చేతిసంచి తడుముకున్నాను.

పత్తికొండ దగ్గరి మా ఊళ్లో, మిద్దె మీద ఆరబోసిన మిరపకాయల ఘాటుకు పిల్లలమంతా తుమ్ముతూ ఆడుకునే ఎండాకాలంలో, హైదరాబాదులో బొమ్మలు నేర్చుకుంటున్న చిన్నాయన సెలవులకు దిగేవాడు. అప్పటినుంచి సంగటి కెలికే తెడ్డు, ఉట్టి, మజ్జిగ చెంబు ఒక్కొక్కటే వంటింట్లోంచి కదిలి ఆయన గదిలో తేలేవి. తీరా బొమ్మ చూస్తే తెడ్డు ఒక గీత, చెంబు ఒక మరక. ఈమాత్రానికి మా చెంబు దేనికని నాకు మంటగా ఉండేది.

మేం జేజి అని పిలిచే మా నాయనమ్మ చేట ఒకసారి పోయింది. కాగితం గుజ్జు, మెంతిపిండి కలిపి తన చేత్తో మెత్తుకున్న చేట. వెతుక్కుంటూ వెళ్తే, అట్ట మీద పసుప్పచ్చటి మరక, దానికడ్డంగా నాలుగు నల్లగీతలు. అదే చేటన్నాడు చిన్నాయన.

"గింజలు యాడరా?" అంది జేజి. ఒట్టి చేట చెరిగితే ఇంటికి అరిష్టమని మా వీపులు వాయగొట్టిన మనిషి ఆమె. చిన్నాయన తలవంచుకుని మెల్లగా చెప్పాడు. తన చిన్నతనంలో కరువొచ్చిన ఏడు, ఇంట్లో గింజ లేని సాయంత్రాల్లో, పొయ్యి వెలిగించబోతున్నామని పక్కింటివాళ్లు అనుకోవాలని, జేజి అరుగు మీద కూర్చుని ఒట్టి చేట చెరిగేదట. ఆయన గీసింది ఆ చేటను.

జేజి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "మన గుట్టు తీసకపోయి పట్నంలో పెడతావా నాయనా?"

"ఎవురికీ తెల్దుమ్మా. తెలీకూడదనే ఇట్ల గీసినా."

జేజి అంత తేలిగ్గా నమ్మదు. పక్కింటి హుసేనమ్మను పిలిచి, ఇదేమిటో చెప్పమంది. ఆమె దగ్గరికి జరిగి, దూరం జరిగి, చాలాసేపు చూసి, "మాడిన రొట్టె మాదిరి ఉండాదక్కా" అంది. అప్పుడు గానీ జేజి ఆ బొమ్మను ఇల్లు దాటనివ్వలేదు.

మొన్న హాల్లో గోడ మీద అదే బొమ్మ. ఎవరో పెద్దమనిషి దాన్ని అస్తమించే సూర్యుడని పక్కవాళ్లకు వివరిస్తున్నాడు. జేజి లేదు, చేట లేదు, హుసేనమ్మా లేదు. బియ్యం శుభ్రమై ప్యాకెట్లలో వస్తున్నాయి. చెరిగే చప్పుడు ఎలా ఉంటుందో నా కూతురికి తెలీదు.

నా అనుమానమంతా హుసేనమ్మ మీదే. ఆ కరువేడు చేట చప్పుడు ఆగిన కాసేపటికి, ఎక్కువైనాయంటూ ఆమె గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు మా అరుగు మీద పెట్టిపోయేదట. రోజూ చేట పట్టే మనిషికి ఒట్టి చేట చప్పుడు తెలీకుండా ఉంటుందా?