ఈల టీచర్ కణతల మీద జుట్టు

మా పెద్దమ్మని బళ్లో అందరూ ఈల టీచర్ అనేవారు. ఆటలు నేర్పేది కాబట్టి మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది. ఇంట్లో కూడా తీసేది కాదు. పొయ్యి మీద ఏదైనా మాడుతుంటే ఒక్క ఈల వేసేది. పెదనాన్న కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి పరుగెత్తుకొచ్చేవాడు. ఆయన దర్జీ. మాటలు తక్కువ, నోట్లో గుండుసూదులు ఎక్కువ.

పెద్దమ్మది ఒత్తయిన జుట్టు. దాన్నంతా వెనక్కి లాగి రబ్బరు బ్యాండుతో బిగించి కట్టేది. ఎంత బిగువంటే కనుబొమలు కూడా కాస్త పైకి లేచి, ఎదుటివాళ్లు ఏం చెప్పినా ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేది. అలా ఏళ్ల తరబడి లాగగా లాగగా రెండు కణతల దగ్గరా జుట్టు పలచబడి, చివరికి నున్నగా అయిపోయింది. నుదుటి మీది జుట్టు కూడా వెనక్కి జరిగింది.

పెదనాన్న కుట్టగా మిగిలిన గుడ్డముక్కలతో తలకి కట్టుకునే వెడల్పాటి పట్టీలు కుట్టిపెట్టాడు. ఏ రంగు బట్టలకి ఆ రంగు పట్టీ. అది లేకుండా పెద్దమ్మ గుమ్మం దాటేది కాదు. పిల్లల్ని ఈతకి తీసుకెళ్లేది గానీ తను నీళ్లలో దిగడం మానేసింది.

ఒకరోజు ఆట మధ్యలో బంతి వచ్చి తలకి తగిలింది. పట్టీ ఎగిరి మైదానంలో పడింది. పిల్లలంతా బిగుసుకుపోయారు. ఒకమ్మాయి పట్టీ తీసి, దుమ్ము దులిపి, తల వంచుకుని చేతికిచ్చింది.

"నవ్వి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్నే. పాపం అన్నట్టు చూశారే, అది తట్టుకోలేకపోయాను" అంది నాతో. ఆ వారమే నన్ను తోడు తీసుకుని జుట్టు డాక్టరు దగ్గరికి వెళ్లింది.

డాక్టరు వయసులో చిన్నదే. భూతద్దం పెట్టి నిదానంగా చూసింది. "బిగించి కట్టీ కట్టీ ఇక్కడి కుదుళ్లు చచ్చిపోయాయండీ. తల వెనక నుంచి కుదుళ్లు తీసి ముందు నాటొచ్చు. కాకపోతే ఒక షరతు. ఇక జన్మలో బిగించి కట్టకూడదు."

"వదులుగా కట్టుకుని ఎలా పరుగెత్తమంటావమ్మా?"

"అయితే నాటడం దండగ."

పెద్దమ్మతో అలా మాట్లాడినవాళ్లని నేనంతవరకూ చూడలేదు. ఆవిడ గుడ్లురిమి చూసి, "సరే" అంది.

ఇంటికొచ్చి సంగతి చెబితే పెదనాన్న నోట్లోంచి సూదులన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు.

"నేను కుట్టినవి బాగోలేదా?"

"బాగున్నాయి కాబట్టే ఇన్నేళ్లు లాక్కొచ్చానండీ. కానీ మీ ఎదుట కూడా తీయలేకపోతున్నాను. చూశారా ఎప్పుడైనా?"

"చూశాను. పడుకున్నా తలకి పట్టీ ఉంటుందిగా" అన్నాడు మెల్లిగా.

ఆపరేషను రోజున కుట్టుపని మానేసి తనూ వచ్చాడు. డాక్టరు పెన్నుతో నుదుటి మీద గీత గీసి అద్దం చేతికిచ్చింది.

"వంకరగా గీశావు" అంది పెద్దమ్మ.

"అసలు జుట్టు స్కేలు పెట్టి గీసినట్టుండదండీ."

అప్పటిదాకా మూల నిలబడ్డ పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "కొంచెం పైకి పెట్టండమ్మా. ఆవిడ నుదురు మొదట్నుంచీ వెడల్పే. పెళ్లినాటికి ఇక్కడిదాకా ఉండేది" అని తన నుదుటి మీదే వేలు పెట్టి చూపించాడు. చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరు నవ్వి, గీత తుడిచేసి మళ్లీ గీసింది.

తల వెనక పైజుట్టు ఎత్తి, కింద కొంత మేర గొరిగారు. మత్తు సూదులు పొడుస్తుంటే పెద్దమ్మ నా చెయ్యి నలిపేసింది. తర్వాత నొప్పి తెలియలేదు. నర్సులు వంగి కూర్చుని ఒక్కో కుదురే తీసి నాటుతుంటే సాయంత్రం దాకా పట్టింది. మధ్యలో విరామం ఇచ్చినప్పుడు పెద్దమ్మ వాళ్లందర్నీ లేపి నిలబెట్టి, నడుముకి వ్యాయామం చేయించింది. "అలా గూనిగా కూర్చుంటే నా వయసొచ్చేసరికి లేవలేరు, చేతులెత్తండి!" డాక్టరు కూడా ఎత్తింది.

మూడోనాటికి వాపు నుదుటి నుంచి కళ్ల మీదికి దిగి, ముఖం ఎవరో గుద్దినట్టు తయారైంది. డాక్టరిచ్చిన ఉప్పునీళ్లు పెదనాన్న నాటిన చోట గంటగంటకీ చల్లేవాడు.

"నేనేమన్నా ఇస్త్రీకొచ్చిన చొక్కానా? అంత దూరం నుంచి చల్లుతారేంటి!"

"కదలకు. మడతలు పడతాయి."

కొన్ని వారాలకి నాటిన వెంట్రుకలన్నీ దిండు మీద రాలాయి. అలా రాలతాయని డాక్టరు ముందే చెప్పింది. కుదురు లోపలే ఉంటుంది, మళ్లీ మొలుస్తుంది అంది. తెలిసి కూడా పెద్దమ్మ ఆ దిండు ఒళ్లో పెట్టుకుని అన్నం తినకుండా కూర్చుంది. ఆ రోజు నుంచి పెదనాన్న పొద్దున్నే ఆవిణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలతో వెతికేవాడు. ఏమీ లేదని చెప్పలేక "వెలుతురు చాల్లేదు" అనేవాడు. అలా నెలలు గడిచాయి.

ఒక పొద్దున, "ఏయ్, కదలకు. ఉంది!" అని అరిచాడు.

"ఏముంది?"

"నూగు. ఇదిగో, ఈ పక్కా ఉంది."

పెద్దమ్మ ఏడ్చేసింది. ఆవిడ ఏడవగా ఎన్నడూ చూడని పెదనాన్న కంగారుపడి, మెడలో ఉన్న టేపుతోనే కళ్లు తుడవబోయాడు.

ఏడాది తిరిగేసరికి జుట్టు బాగానే వచ్చింది. ఎడమ కణత మీద కాస్త పలచన. మళ్లీ నాటుదామని డాక్టరంటే, "చాల్లే, ఉన్నది దువ్వుకోవడానికే ఓపిక లేదు" అంది. బళ్లో ఇప్పుడు బిగించి కట్టుకున్న అమ్మాయిల్ని ఆపి, రబ్బరు బ్యాండు కింద వేలు దూరుతుందో లేదో చూస్తోంది. ఈతకొలనులోనూ దిగుతోంది.

మొన్న మధ్యాహ్నం నేను వెళ్లేసరికి పెద్దమ్మ పట్టీ లేకుండా కుర్చీలో నిద్రపోతోంది. వదులు జడలోంచి జారిన జుట్టు నుదుటి మీద పడి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా కదులుతోంది. పెదనాన్న పక్కనే కూర్చుని బొత్తాలు కుడుతున్నాడు. ఆ జుట్టు నేను వెనక్కి తోయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీ" అన్నాడు.