వరమ్మ పట్టిన చేంతాడు

కడపలో వరమ్మకు తెలియని సందు లేదు. మిషను బడిలో చదువుకుని, అదే బడిలో పాతికేళ్లుగా పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్న మనిషి. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. అబద్ధమంటే ఆమె ఒంటికి పడదు. అందుకే 1936లో ఎండలు మొదలవుతుండగా జర్మనీ నుంచి ఎల్సా దొరసాని వచ్చి, ఈ ఊరి జనం ఎట్లా బతుకుతారో రాసుకోవాలి, దుబాసీ కావాలి అంటే పాదిరిగారు ఆమెనే పంపించారు.

దొరసాని మంచిదే. కాకపోతే ఆమె కన్ను దేన్నీ వదలదు. దర్గా ముందర సాయిబు దగ్గర పూలు ఎవరు కొంటారు, చర్చి గంట విని ఎవరు పొయ్యి ముట్టిస్తారు, అన్నీ రాసుకుంది. ఉగాదినాడు సాయిబుల ఆడవాళ్లు దేవుని కడప గుడికొచ్చి, మా పిల్లను పెళ్లాడిన స్వామి మా ఇంటి అల్లుడంటూ టెంకాయ కొట్టించడం చూసి రెండు పుటలు నింపింది.

తరువాత నీళ్ల సంగతికొచ్చింది. ఏ బావిలో ఎవరు తోడుకోవచ్చు, ఎవరికి పైనుంచి పోస్తారు? రాసేకొద్దీ పుస్తకం నిండా అడ్డుగోడలే. "ఈ అడ్డు లేని బావి ఒక్కటైనా లేదా?" అని అడిగింది. వరమ్మకు పౌరుషం పొడుచుకొచ్చింది. పరాయి దేశపు మనిషి ముందు తన ఊరు అంత చిన్నబోవడం ఓర్చుకోలేక, ఉందని చెప్పేసింది.

ఉన్నది కృష్ణవేణమ్మ పెరట్లో. కమలాపురం వైపు భూములున్న కాపుల ఇల్లు అది. వరమ్మ వాళ్లు తాతల నాడే ఏసును నమ్ముకున్నా, ఊరి బావులు మాత్రం వాళ్లకు దూరంగానే ఉండిపోయాయి. ఊరికి ఎడంగా వాళ్లుండే పాళెంలో బావి ఎండినప్పుడల్లా వరమ్మ ఆ పెరటి వాకిట్లో కుండ దించి నిలబడేది. కృష్ణవేణమ్మ నీళ్లు చేది, కుండకు తగలకుండా ఎత్తునుంచి పోసేది. రెండేళ్ల కిందట ఆమె కుడిచెయ్యి విరిగి వంకరగా అతుక్కుంది. మగవాళ్లు చేనికి పోయి, కోడలు కునుకు తీసే ఒక మధ్యాహ్నం, చేంతాడు తెచ్చి వరమ్మ చేతిలో పెట్టింది.

"నా చెయ్యి లేయదు మే. నువ్వే చేదుకో. నాకూ రెండు బిందెలు పొయ్యి."

అప్పటినుంచి అదే వాడుక. తాడు పట్టేది ఎవరో మూడో మనిషికి తెలియదు. ఆ నీళ్లతోనే పాళెంలో ఆరిళ్లలో అన్నం ఉడికేది.

దొరసానికి ఇదంతా చెప్పి, ఇది మాత్రం రాయవద్దని వరమ్మ బతిమాలుకుంది. దొరసాని మాట ఇచ్చింది. రాయలేదు కూడా. కానీ మద్రాసు పోయేముందు, అంత గొప్ప మనిషికి దండం పెట్టి పోవాలని ఆ ఇంటికి బయల్దేరింది. వద్దని వరమ్మ ఎంత చెప్పినా వినలేదు. దుబాసీగా వెంట పోక తప్పలేదు.

కృష్ణవేణమ్మ కొడుకు శేషన్న ఇంట్లోనే ఉన్నాడు. తెల్లదొరసాని ఇంటికొచ్చిందని మురిసిపోయి, తాత తవ్వించిన బావి చూపిస్తానని, కృష్ణవేణమ్మ కూర్చున్న పెరట్లోకి తీసుకుపోయాడు. వరమ్మ చేదుకునే బావి ఇదేనా అని దొరసాని ఇంగ్లీషులో పొంగిపోయింది.

"ఏమంటాంది?" అన్నాడు శేషన్న.

"బావి శానా లోతుండాది అంటాంది, అయ్యా."

తన మాట సరిగా చేరలేదనుకుంది కాబోలు దొరసాని. చేంతాడు తీసి వరమ్మ చేతిలో పెట్టి, కృష్ణవేణమ్మను చూపించి, రెండు చేతులూ జోడించింది. ఇక దుబాసీతో పనేముంది?

శేషన్న ముఖం నల్లబడింది. "ఈమె తాడు పట్టిందా?"

"లేదయ్యా, ఆయమ్మకు తెలీక..." అంటోంది వరమ్మ.

"పట్టింది," అంది కృష్ణవేణమ్మ. "నేనే ఇచ్చినా. రెండేండ్లాయె. నువ్వు తాగుతాండేది వరమ్మ చేదిన నీళ్లే."

మర్నాడు బావిని శుద్ధి చేయడానికి అయ్యవారొచ్చారు. బావి నీళ్లన్నీ తోడి పారబోసి, పసుపు నీళ్లు చల్లారు. పెరటి తలుపుకు తాళం పడింది. దొరసాని ఏడ్చింది, రైలెక్కి పోయింది. వరమ్మ ఆమెను ఒక్క మాట అనలేదు. ఊరి పరువు నిలబెట్టబోయి ఆరిళ్ల నీళ్లు పోగొట్టింది తానే. పాళెంలో ఎవరూ ఆమెను నిలదీయలేదు. బిందెలెత్తుకుని, ఎండిన బుగ్గవంక ఏటి ఇసుకలో తవ్విన చెలమలకు పోతున్నారు, అంతే. ఎవరైనా తిడితే బాగుండునని వరమ్మకు అనిపించేది.

ఎనిమిదోనాడు, నడినెత్తిన ఎండ. వరమ్మ చెలమలో ఊరిన నీళ్లను టెంకాయ చిప్పతో ముంచి కుండలో పోసుకుంటోంది. మీద నీడ పడితే తలెత్తి చూసింది. చంకలో బిందెతో, రొప్పుతూ, కృష్ణవేణమ్మ.

"ఇంత ఎండలో యాడికొచ్చినారమ్మా!"

"ఆ బావి నీళ్లు గొంతు దిగలేదు మే."

ఆమె బిందె దించి ఇసుకలో కూలబడింది. వరమ్మ చిప్ప నిండా నీళ్లు ముంచింది. ముంచి, అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తింది, బిందెకు తగలకుండా పోద్దామని. సగం నీళ్లు పక్కకు ఒలికి ఇసుకలో ఇంకిపోయాయి.

కృష్ణవేణమ్మ వంకర చేత్తో ఆ చిప్పను పట్టి కిందికి లాక్కుని, నోటికి ఆనించుకుని తాగింది. తాగి, చిప్ప తిరిగి వరమ్మ చేతిలో పెట్టింది.

"ఇంకొకటి ముంచు," అంది.